ఉద్దానంలో కిడ్నీ రోగికి నిజం చెప్పడం, సమ్మతి తీసుకోవడం: కొత్త వైద్యాధికారులకు మార్గదర్శిని

శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, కారణం తెలియని కిడ్నీ జబ్బు పీడిస్తున్న ఉద్దానంలో వైద్యాధికారిగా చేరినవారికి మొదటి నెలలోనే ఒక సంగతి తెలిసిపోతుంది. ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల పల్లెల్లో రోగులకు తమ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష) అంకె నోటికి వచ్చి ఉంటుంది. ఆ అంకెకు అర్థమేమిటో, ముందుముందు తాము తీసుకోవలసిన నిర్ణయాలేమిటో, వాటిలో తమ ఇష్టానికి ఎంత చోటుందో మాత్రం చాలామందికి ఎవరూ స్థిమితంగా కూర్చుని చెప్పి ఉండరు. చివరికి డయాలిసిస్ మొదలుపెట్టక తప్పని రోజున, ఆయాసంతో మాట రాని మనిషి చేతనో, కంగారులో ఉన్న కొడుకు చేతనో సమ్మతి పత్రంపై సంతకం పెట్టిస్తారు. అలాంటి సంతకం చట్టం ముందు నిలవడం కష్టం. వైద్యపరంగా చూసినా అప్పటికే చాలా ఆలస్యమై ఉంటుంది.

ప్రాథమిక, సామాజిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసే వైద్యులను ఉద్దేశించి ఈ మార్గదర్శిని రాస్తున్నాను. నెఫ్రాలజిస్టు (కిడ్నీ వైద్య నిపుణుడు) ఈ రోగిని ఏడాదిలో కొద్దిసార్లే, అదీ కొద్ది నిమిషాలే చూడగలడు. డయాలిసిస్‌కు ముందు గడిచే సంవత్సరాలన్నీ మీ చేతుల మీదుగానే సాగుతాయి కనుక అసలు సంభాషణ జరగవలసింది మీ గదిలోనే.

చెప్పే ముందు తేల్చుకోవలసినవి

శిబిరంలో తీసిన ఒక్క రక్తపరీక్షను పట్టుకుని ఎవరికీ కిడ్నీ జబ్బు ఉందని చెప్పకూడదు. మండే ఎండలో జీడితోటలో పనిచేసి, నీళ్లు సరిగా తాగకుండా, ఒంటి నొప్పులకు ఒక సూది వేయించుకుని వచ్చిన మనిషికి క్రియాటినిన్ తాత్కాలికంగా పెరిగి ఉండవచ్చు. ఒకటి రెండు వారాల్లో పరీక్ష మళ్లీ చేయించి, హఠాత్తుగా వచ్చిన దెబ్బ కాదని నిర్ధారించుకోవాలి. ఆ తరువాత కూడా లోపం మూడు నెలలకు మించి కొనసాగితేనే దీర్ఘకాలిక వ్యాధి అనాలి. ఈ నియమం అందరికీ తెలిసినదే. అయినా శిబిరాల హడావిడిలో మొట్టమొదట పక్కకు పోయేది ఇదే, దాని ఫలితంగా నెలల తరబడి నిద్రపోని కుటుంబాలు ఉంటాయి.

క్రియాటినిన్ అంకెను ఉన్నదున్నట్టుగా రోగికి అప్పగించవద్దు. వయసును, స్త్రీ పురుష భేదాన్ని కలిపి జీఎఫ్‌ఆర్ (కిడ్నీలు రక్తాన్ని ఎంత వేగంగా వడకడుతున్నాయో చెప్పే అంచనా) లెక్కించండి. 2021 నాటి సీకేడీ-ఎపీ సూత్రం ప్రకారం క్రియాటినిన్ 1.5 ఉంటే ముప్పయ్యేళ్ల పురుషునికి జీఎఫ్‌ఆర్ సుమారు 64 వస్తుంది, అరవయ్యేళ్ల స్త్రీకి సుమారు 40 మాత్రమే వస్తుంది. ఒకే అంకె చూసి ఇద్దరికీ ఒకే మాట చెప్పడం తప్పని దీన్నిబట్టే తెలుస్తుంది. బక్కచిక్కిన వృద్ధులలో కండ తక్కువ కాబట్టి క్రియాటినిన్ మామూలుగా కనిపిస్తూనే కిడ్నీలు బాగా దెబ్బతిని ఉండవచ్చు.

ఉద్దానపు జబ్బుకు ఇంకో స్వభావం ఉంది. మధుమేహం వల్ల వచ్చే కిడ్నీ జబ్బులో మాదిరిగా ఇక్కడ మూత్రంలో ప్రోటీను ఎక్కువగా పోదు. తొలి దశలో రక్తపోటు కూడా చాలామందికి మామూలుగానే ఉంటుంది. కాబట్టి మూత్రపు పట్టీ పరీక్ష బాగుందని, బీపీ లేదని ధైర్యం చెప్పి పంపించేయడం ఈ ప్రాంతంలో ప్రమాదం. అల్ట్రాసౌండులో కిడ్నీలు కుంచించుకుపోయి కనిపిస్తే, అది కొత్తగా వచ్చిన దెబ్బ కాదని మీరు కొంత గట్టిగా చెప్పవచ్చు.

మొదటిసారి చెప్పేటప్పుడు

“మా నాయినకి మాత్రం సెప్పకండి బాబూ, దిగులుతోనే పోతాడు” అన్న మాట మీరు వారానికి ఒకసారైనా వింటారు. చెప్పేది కొడుకో, అల్లుడో, అన్నగారో అయి ఉంటారు. ఆ మాట వెనుక ఉన్నది ప్రేమే కనుక కసురుకోకూడదు. అలాగని దానికి లొంగనూ కూడదు. స్పృహలో ఉండి, అర్థం చేసుకోగల వయోజనునికి అతని వైద్యం గురించి తెలుసుకునే హక్కు, ఒప్పుకునే హక్కు, కాదనే హక్కు అతనివే. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయాన్ని తేటతెల్లం చేసింది. మత్తులో ఉన్న ఒక మహిళకు ఆమె తల్లి సమ్మతి తీసుకుని గర్భసంచి తొలగించిన ఆ కేసులో, ప్రాణాపాయం లేని పరిస్థితిలో కన్నతల్లి సమ్మతి కూడా రోగి సమ్మతికి బదులు కాదని కోర్టు తేల్చింది. తల్లికే లేని అధికారం కొడుక్కీ అల్లుడికీ ఎక్కడ నుంచి వస్తుంది?

ఆచరణలో చేయవలసింది ఇది. కొడుకును పక్కకు పిలిచి ముందు అతని భయాన్ని పూర్తిగా విని, “మీ నాన్నగారు నన్ను అడిగితే నేను అబద్ధం చెప్పలేను, అడగనిది బలవంతంగా చెప్పను” అని స్పష్టంగా తెలియజేయాలి. తరువాత రోగిని ఒంటరిగా కూర్చోబెట్టి, “మీ ఒంట్లో ఏమవుతోందో మీకెంతవరకు తెలుసు? పూర్తిగా చెప్పమంటారా, ఎవరితోనైనా మాట్లాడమంటారా?” అని అడగాలి. కొందరు నిజంగానే, “నాకేటీ వద్దు బాబూ, మా పెద్దోడితో మాటాడండి” అంటారు. అది కూడా రోగి తీసుకున్న నిర్ణయమే కనుక దాన్ని గౌరవించి, ఆ మాటను తేదీ వేసి కేసు షీటులో రాసుకోవాలి. అడగకుండానే ఈయన తట్టుకోలేడని మనమే తీర్మానించుకోవడం తప్పు. నా అనుభవంలో తట్టుకోలేనివారు రోగులకంటె బంధువులలోనే ఎక్కువ.

ఇచ్ఛాపురం వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే కుటుంబాలున్నాయి, మందస కొండల్లో సవరలున్నారు. బడికి వెళ్లే మనవడు దుభాషిగా నిలబడి తాతకు జబ్బు గురించి చెప్పే పరిస్థితి రానివ్వకండి. ఆ భాష వచ్చిన ఆశా కార్యకర్తనో, నర్సునో పిలిపించుకోవాలి, లేదంటే మాటను మరునాటికి వాయిదా వేయాలి. మీరు చెప్పినదాన్ని రోగి తన మాటల్లో తిరిగి చెప్పమనడం మంచి పద్ధతి. తల ఊపడాన్ని అర్థమైనట్టుగా లెక్కించవద్దు. డాక్టరు ముందు తల ఊపడం మన ప్రాంతంలో మర్యాద.

ఒకే రోజున అన్నీ చెప్పబోవద్దు. తొలి సమావేశంలో జబ్బు ఉందని, అది నిదానంగా నడుస్తుందని, చాలామందికి అన్ని దశలూ రావని చెబితే చాలు. ఏ మందులు మానాలో, ఏవి తినాలో తరువాత చెప్పవచ్చు. జీఎఫ్‌ఆర్ 30కి దిగకముందే డయాలిసిస్, కిడ్నీ మార్పిడి, ఈ రెండూ లేని వైద్యం అనే మూడు దారుల పేర్లయినా రోగి చెవిన పడి ఉండాలి.

కారణం ఏమిటని అడిగితే

రెండు దశాబ్దాలకు పైగా ఎన్నో బృందాలు ఇక్కడి రక్తం, మూత్రం, మట్టి, నీరు పట్టుకెళ్లాయి. భూగర్భ జలాల్లోని ఖనిజాలు, సిలికా, పురుగుమందులు, ఎండలో ఒళ్లు వంచి చేసే పని, నొప్పి మాత్రలు, జన్యుపరమైన బలహీనత అనే అనుమానాలన్నీ బల్ల మీద ఉన్నాయి. ఏ ఒక్కటీ నిరూపణ కాలేదు. మధ్య అమెరికా చెరకు తోటల్లోను, శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలోను ఇలాంటి జబ్బే ఉంది, అక్కడా ఒక్క కారణమని తేలలేదు. కనుక రోగి అడిగినప్పుడు “ఇంకా తెలియదు” అనడానికి మొహమాటపడకండి. బోరు నీళ్లవల్లే అని ఒక వైద్యుడు, మాత్రలవల్లే అని ఇంకో వైద్యుడు ధీమాగా చెప్పడం వల్ల జనానికి ఇద్దరి మీదా నమ్మకం పోతోంది. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీటిని తెచ్చే పథకాన్ని, పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని, 200 పడకల ఆసుపత్రిని 2023 డిసెంబరులో ప్రారంభించారు. శుద్ధమైన నీరు ఏ విధంగా చూసినా మేలే, తాగమని చెప్పండి. అది తాగితే చెడిన కిడ్నీ బాగవుతుందనే మాట మాత్రం మీ నోట రాకూడదు.

కారణం తెలియకపోయినా హాని చేసేవి ఏమిటో తెలుసు. డైక్లోఫెనాక్ సూది, ఐబూప్రొఫెన్, అసిక్లోఫెనాక్ మాత్రలు మానిపించడమే మీరు చేయగల అతి పెద్ద పని. అయితే మీ చీటీ ఒక్కటే ఇందుకు సరిపోదు. ఊళ్లోని ఆర్‌ఎంపీ దగ్గర పదులలో ఖర్చుతో సాయంత్రానికల్లా నొప్పి తగ్గితే, రోగి మరునాడు పనికి వెళ్లగలుగుతాడు. ఆ ఆర్‌ఎంపీని దొంగవైద్యుడని ఊరి ముందు తిట్టిపోసే వైద్యులున్నారు, దానివల్ల సూదులు తగ్గినట్టు నాకు కనిపించలేదు. అర్హత లేనివారి వైద్యాన్ని సమర్థించకుండానే, వారితో నేరుగా మాట్లాడి, ఏ ఇంట్లో ఎవరికి ఆ సూది వేయకూడదో రోగి చేతనే చెప్పించి, బదులుగా పారాసెటమాల్ సరిపోతుందని వివరించడం ఎక్కువ ఫలితమిస్తుంది. రోగి అనుమతి లేకుండా అతని జబ్బు సంగతి మీరు ఆర్‌ఎంపీకి చెప్పకూడదు. అందుకే చెప్పవలసింది రోగే.

ఇంకో జాగ్రత్త ఉద్దానానికే ప్రత్యేకం. నీరసంగా ఉన్న మనిషికి ఇక్కడ ముందు అందించేది కొబ్బరి బోండం. తొలిదశలో అది హాని చేయదు, జబ్బు ముదిరినవారికి అందులోని పొటాషియం గుండె లయను చెడగొట్టగలదు. పనస కూడా అటువంటిదే. పెరట్లో కాసేదాన్ని, పరామర్శకు వచ్చినవారు ప్రేమగా తెచ్చేదాన్ని వద్దనమని చెబుతున్నామని గుర్తుపెట్టుకుని, రక్తంలో పొటాషియం ఎంతుందో చూశాకే ఆ నిషేధం పెట్టాలి. అందరికీ ఒకే పథ్యపు కాగితం పంచిపెట్టడంవల్ల తినదగినవి కూడా మానేసి చిక్కిపోయేవారున్నారు. చోడి అంబలి, గంజి మాన్పించే ముందు నిజంగా అవసరమా అని ఆలోచించాలి. ఉప్పుచేపల విషయంలో మాత్రం గట్టిగానే ఉండండి.

కొత్త మందుల గురించి ఒక మాట. కిడ్నీ జబ్బులపై అంతర్జాతీయ నిపుణుల సంస్థ కేడిగో 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు డాపాగ్లిఫ్లోజిన్ వంటి మందులను మధుమేహం ఉన్నవారికి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రోటీను బాగా పోయేవారికి గట్టిగా సిఫార్సు చేశాయి. ఆల్బుమిన్ పెద్దగా పోని వారిలో జీఎఫ్‌ఆర్ 20 నుంచి 45 మధ్య ఉంటే వాడవచ్చని సూచించాయి. మన రోగులు ఎక్కువగా ఈ రెండో కోవలోకి వస్తారు, పైగా ఎండలో చెమటోడ్చి పనిచేస్తారు. ఒంట్లో నీరు తగ్గే ప్రమాదాన్ని, ఆధారం బలహీనంగా ఉందన్న సంగతిని, నెలనెలా అయ్యే ఖర్చును కలిపి చెప్పాకే చీటీ రాయడం న్యాయం.

గోప్యత, పెళ్లిళ్లు, పెన్షన్లు

ఈ ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఉందన్న మాట బయటికి పొక్కితే ఆ ఇంటి పిల్లలకు సంబంధాలు రావడం కష్టమవుతుంది. శిబిరంలో పేరు పిలిచి క్రియాటినిన్ గట్టిగా చదవడం, ఫలితాల జాబితాను గోడకు అంటించడం, సిబ్బంది వాట్సాప్ గ్రూపులో పేర్లతో సహా ఫొటో పెట్టడం మామూలైపోయాయి. ఈ మూడూ ఆపడం పూర్తిగా మీ చేతిలో ఉంది, ఎవరి ఉత్తర్వూ అక్కరలేదు. రిజిస్టరు నంబరుతో పిలవండి, ఫలితాన్ని మడిచి చేతికివ్వండి.

పెళ్లి మాటలు నడుస్తున్నప్పుడు అవతలివారు తెలిసినవారి ద్వారా మిమ్మల్ని అడిగించడం జరుగుతుంది. హెచ్‌ఐవీ ఉన్న వ్యక్తి విషయాన్ని కాబోయే భార్య వైపుకు తెలియజేయడం తప్పు కాదన్న 1998 నాటి సుప్రీంకోర్టు తీర్పును కొందరు ఇక్కడ కూడా ఉదహరిస్తుంటారు. ఆ తీర్పు ఒకరి నుంచి ఒకరికి సోకే జబ్బుకు సంబంధించినది. కిడ్నీ జబ్బు అంటుకోదు కనుక చెప్పేందుకు మీకు కారణం లేదు. “నేను ఎవరి గురించీ చెప్పను” అనే జవాబును ఆరోగ్యవంతుల విషయంలో అడిగినప్పుడు కూడా ఇవ్వాలి. బాగున్నవారి గురించి బాగున్నారని చెబుతూ వస్తే, మీరు మౌనం వహించిన రోజున ఆ మౌనమే జబ్బు ఉందని చెప్పేస్తుంది. దాచి పెళ్లి చేయవద్దని రోగికి మాత్రం విడిగా, నిదానంగా నచ్చజెప్పవచ్చు.

పెన్షన్ వ్యవహారం ఇంకా సున్నితమైనది. ప్రభుత్వం ఇచ్చే నెలవారీ సహాయానికి డయాలిసిస్, క్రియాటినిన్ స్థాయి వంటి షరతులు ఉన్నప్పుడు, కొద్దిలో అర్హత తప్పిన పేద రోగి “ఒక్క అర పాయింటు ఎక్కువ రాయండి బాబూ” అని ప్రాధేయపడతాడు. రాయకూడదు. రాస్తే తప్పుడు ధ్రువపత్రం అవుతుంది, అంతకంటె ముఖ్యంగా ఆ తప్పుడు అంకె ఆధారంగా రేపు ఇంకో వైద్యుడు చికిత్స నిర్ణయిస్తాడు. కాదన్న తరువాత చేయవలసిన పని ఉంది. అర్హులైనవారి కాగితాలను ఒక్క రోజు కూడా మీ బల్ల మీద ఆపకుండా పంపాలి, రాష్ట్ర ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ కింద అతనికి ఏవి ఉచితమో చెప్పాలి, మళ్లీ పరీక్ష ఎప్పుడో తేదీ ఇవ్వాలి. పెన్షన్ కోసం డయాలిసిస్‌కు తొందరపడే ఆలోచన ఎవరికైనా వచ్చినట్టు అనిపిస్తే, చేతికి వచ్చే డబ్బును, వారానికి రెండు మూడు రోజులు పోయే కూలిని పక్కపక్కన పెట్టి కాగితం మీద లెక్క వేసి చూపించండి.

రోగి తన రికార్డుల నకలు అడిగితే 72 గంటల్లోగా ఇవ్వాలని, చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లపాటు రికార్డులు భద్రపరచాలని 2002 నాటి వైద్యవృత్తి నియమావళి చెబుతోంది. 2023లో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన కొత్త నిబంధనలను ఆ నెలలోనే నిలుపుదల చేశారు కనుక ఈ పాత నియమావళే అమలులో ఉందని గమనించాలి.

డయాలిసిస్ దగ్గరపడుతున్నప్పుడు

క్రియాటినిన్ ఇంతకు చేరగానే డయాలిసిస్ మొదలుపెట్టాలనే గీత ఏదీ లేదు. 2010లో వెలువడిన ఐడియల్ అధ్యయనంలో జీఎఫ్‌ఆర్ 10 నుంచి 14 మధ్య ఉన్నప్పుడే మొదలుపెట్టినవారు, లక్షణాలు కనిపించేదాకా లేదా 5 నుంచి 7కు దిగేదాకా ఆగినవారికంటె ఎక్కువ కాలం బతకలేదు. అందువల్ల వాంతులు, ఆయాసం, ఒంట్లో నీరు చేరడం, అదుపు కాని పొటాషియం వంటివి చూసి నిర్ణయించాలి. అంకెను చూసి భయపెట్టి తొందరచేసే సలహా ఎక్కడి నుంచి వచ్చినా, రోగి మీ దగ్గరకొచ్చి అడిగినప్పుడు ఈ సంగతి చెప్పడానికి వెనకాడకండి.

ఆగే కాలాన్ని వృథా చేయకూడదు. రోగి ఎక్కువగా వాడని చేతి నరాలను కాపాడాలి. ఫిస్టులా (డయాలిసిస్ కోసం చేతిలో రక్తనాళాలను కలిపే శస్త్రచికిత్స) వేయవలసిన ఆ చేతికి సెలైన్లు పెట్టి, రక్తం తీసి నరాలను పాడుచేసేది చాలాసార్లు మన కేంద్రాలే. “ఈ చేతికి సూది వద్దు” అని రోగికి నేర్పించండి, అతను ఆ మాట నర్సుతో అన్నప్పుడు నర్సు నొచ్చుకోకుండా సిబ్బందికి ముందే చెప్పండి. హెపటైటిస్ బి టీకాను జబ్బు ముదరక ముందే మొదలుపెట్టాలి. ముదిరినవారికి మామూలుకు రెట్టింపు మోతాదులో, 0, 1, 2, 6 నెలల్లో నాలుగుసార్లు ఇవ్వవలసి ఉంటుంది.

సమ్మతి తీసుకునేటప్పుడు డయాలిసిస్‌ను ఒక సూది మందులాగా వర్ణించవద్దు. ఒక్కో విడతకు నాలుగు గంటలు, వారానికి మూడు విడతలు ప్రామాణికం. చాలాచోట్ల రెండే కుదురుతున్నాయి. పల్లె నుంచి సోంపేటకో, పలాసకో, టెక్కలికో రానుపోను రోజంతా పోతుంది, వెంట ఒక మనిషి రావాలి కనుక ఇద్దరి కూలి పోతుంది, ఆ రాత్రి నిస్సత్తువగా ఉంటుంది. ఇది జబ్బును నయం చేయదని, ఆపితే ఏమవుతుందో, ఎప్పుడైనా ఆపవచ్చో కూడా చెప్పాలి. కొద్ది వారాలు చేసి చూసి, మేలుందో లేదో కలిసి తేల్చుకుందామనే ఒప్పందం వృద్ధుల విషయంలో బాగా పనికివస్తుంది. ఇటువంటి ఒప్పందాన్ని మొదలుపెట్టే రోజునే తేదీతో సహా రాసుకోవాలి, లేకపోతే ఆ తేదీ ఎవరికీ గుర్తుండదు.

పడకలకంటె రోగులు ఎక్కువైనప్పుడు ఎవరికి ముందు అన్న ప్రశ్న వస్తుంది. ఫోను చేయించగలవారికి ముందు అనేదే రాయని నియమంగా మారే ప్రమాదం ఉంది. వైద్యపరమైన అత్యవసరం మొదటి కొలమానం, ఆ తరువాత నమోదైన వరుస అని కాగితం మీద రాసి కేంద్రం గోడకు పెడితే, సిఫార్సు ఫోనుకు జవాబు చెప్పడం మీకే సులువవుతుంది.

తుపాను కాలానికి కూడా ఒక ఏర్పాటు ఉండాలి. 2018 అక్టోబరు 11న తిత్లీ ఈ తీరాన్నే తాకి కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చింది, కరెంటు, దారులు పోయాయి. హెచ్చరిక రాగానే వరుస ముందుకు జరిపి డయాలిసిస్ చేయించడం, రోగుల ఫోను నంబర్ల జాబితా ఒకటి చేతిలో ఉంచుకోవడం, ఆ రోజుల్లో నీరు, ఉప్పు, పండ్లు ఎంత తగ్గించాలో ముందే నేర్పడం మీ స్థాయిలో చేయగలిగినవే.

కిడ్నీ ఇస్తామన్నవారి తరఫున ఎవరు మాట్లాడాలి

కుటుంబంలో ఒకరు కిడ్నీ ఇవ్వడానికి ముందుకొస్తే అందరి దృష్టీ రోగి మీదే ఉంటుంది. దాత కూడా మీ ఊరి మనిషే, రేపు మీ దగ్గరకే వస్తాడు. మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది తల్లులు, భార్యలు. “ఇస్తావా” అని అడిగిన ఇంట్లో “ఇవ్వను” అనగలిగే స్వేచ్ఛ కోడలికి ఎంతుందో మీకు తెలియనిది కాదు. ఆమెను ఒంటరిగా, వీలైతే మహిళా వైద్యురాలితోనో నర్సుతోనో మాట్లాడించాలి. మనసు మారితే ఎవరికీ కారణం చెప్పనవసరం లేదని, “ఈ దాతతో ముందుకు వెళ్లడం లేదు” అని మాత్రమే ఆసుపత్రి ఇంటివారికి చెప్పాలని ఆమెకు హామీ ఇవ్వండి. లేని జబ్బు అంటగట్టి తప్పించడం దయలాగే కనిపిస్తుంది. కానీ ఆ అబద్ధపు జబ్బు ఆమె పేరుతో జీవితాంతం నడుస్తుంది.

ఉద్దానంలో దీనికి తోడు ఇంకొక సమస్య ఉంది, మామూలు పాఠ్యపుస్తకాలలో అది దొరకదు. జబ్బుకు కారణం తెలియదు. అదే నీళ్లు తాగి, అదే ఎండలో పెరిగిన తమ్ముడు ఇవాళ ఆరోగ్యంగా ఉన్నా, పదేళ్ల తరువాత అదే జబ్బు బారిన పడడని ఎవరూ చెప్పలేరు. అప్పటికి అతనికి ఉండేది ఒక్క కిడ్నీ. దాత వయసు తక్కువైతే ఈ అనిశ్చితి ఇంకా ఎక్కువ. మార్పిడి చేసే ఆసుపత్రి విశాఖపట్నంలోనో, ఇంకా దూరంలోనో ఉంటుంది, దాత ఏ ఊరివాడో అక్కడివారు పట్టించుకోకపోవచ్చు. మీ రిఫరల్ లేఖలో “దాత కూడా ఉద్దానం వాసి, ఇంట్లో ఇంతమందికి జబ్బు ఉంది” అని రాయడం మీ బాధ్యత.

డబ్బుకు కిడ్నీ కొనడం నేరం. కేంద్రం 1994లోను, మన రాష్ట్రం 1995లోను అవయవ మార్పిడిపై చట్టాలు చేశాయి. దగ్గరి బంధువులు కాని దాతల విషయాన్ని అనుమతి కమిటీ పరిశీలించాలి. ఇవన్నీ తెలిసినా, అప్పుల్లో ఉన్నవారి చుట్టూ దళారులు తిరుగుతూనే ఉంటారు. బంధువని చెప్పి తెచ్చిన మనిషి రోగి పేరు కూడా తడబడి చెబుతుంటే, నివాస ధ్రువపత్రం కోసం మీ సంతకం అడుగుతుంటే, సంతకం చేయకండి. మరణించినవారి అవయవాల కోసం రాష్ట్ర అవయవదాన పథకమైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చని మాత్రం ప్రతి అర్హుడికీ చెప్పండి. ఆ సంగతి తెలియక దళారి దగ్గరకు వెళ్లినవారూ ఉంటారు.

డయాలిసిస్ వద్దన్నప్పుడు

వృద్ధాప్యం, గుండె జబ్బు, పక్షవాతం వంటివి తోడైన రోగికి డయాలిసిస్‌వల్ల ఆయుష్షు పెద్దగా పెరగకపోవచ్చు. అటువంటి మనిషి “నాను ఇంటికాడే ఉంటాను” అంటే, దాన్ని మొండితనంగానో, పేదరికంగానో కొట్టిపారేయకూడదు. అయితే ఆ మాట వెనుక ఖర్చు భయమో, పిల్లలకు బరువవుతానన్న బెంగో, చికిత్స చేయదగిన కుంగుబాటో ఉందేమో ముందు తేల్చుకోవాలి. ఉచితంగా డయాలిసిస్ జరుగుతుందని తెలియక వద్దన్నవాడికి, అన్నీ తెలిసి వద్దన్నవాడికి తేడా ఉంది. రెండు మూడు సార్లు, వేర్వేరు రోజుల్లో అడిగినా అదే జవాబు వస్తే అది అతని నిర్ణయం.

స్పృహలో ఉన్న వయోజనునికి చికిత్సను నిరాకరించే హక్కు ఉందని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న కామన్ కాజ్ తీర్పులో గుర్తించింది. తాను చెప్పలేని స్థితి వస్తే ఏ చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకునే ముందస్తు ఆదేశ పత్రానికి కూడా ఆ తీర్పే దారి తీసింది. 2023 జనవరిలో ఆ పద్ధతిని సులభతరం చేశారు. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరిస్తే చాలు. మీరే గెజిటెడ్ అధికారి అయినా, మీ సొంత రోగి పత్రాన్ని వేరొకరితో ధ్రువీకరింపజేయడం మేలు. రోగి తానే నిర్ణయం చెప్పలేని స్థితిలో ఉన్నప్పుడు ప్రాణాధార చికిత్సను ఆపాలంటే ప్రాథమిక, ద్వితీయ వైద్య మండళ్ల అభిప్రాయం అవసరం. స్పృహలో ఉండి తానే వద్దంటున్న రోగి విషయంలో ఆ మండళ్ల ప్రసక్తి లేదు. ఈ తేడా తెలియక, చట్టం ఒప్పుకోదనే భయంతో వద్దన్నవారికి కూడా బలవంతాన గొట్టాలు వేస్తున్నాం.

డయాలిసిస్ లేదంటే వైద్యం లేదని అర్థం కాకూడదు. దురదకు గాబాపెంటిన్‌ను 100 మిల్లీగ్రాముల వంటి చిన్న మోతాదుతో మొదలుపెట్టి, మత్తు ఎక్కువవుతోందేమో చూడాలి. వాపుకు, ఆయాసానికి ఫ్యూరోసిమైడ్, వికారానికి తగిన మందు, రక్తహీనతకు చికిత్స కొనసాగుతూనే ఉండాలి. నొప్పికి మార్ఫిన్ వాడేటప్పుడు జాగ్రత్త. దాని అవశేషాలు కిడ్నీల ద్వారానే బయటికి పోవాలి కనుక పేరుకుపోయి మగతను, శ్వాస మందగింపును తెస్తాయి. ఫెంటనిల్, బ్యూప్రెనార్ఫిన్ వీరికి కొంత నయం. ఈ మందులు మీ కేంద్రంలో దొరకవు. మాదకద్రవ్యాల చట్టానికి 2014లో చేసిన సవరణ తరువాత గుర్తింపు పొందిన వైద్య సంస్థలు మార్ఫిన్, ఫెంటనిల్ వంటివాటిని నిల్వ చేసుకోవచ్చు. మీకు దగ్గరలో అటువంటి సంస్థ ఏదో ముందే తెలుసుకుని ఉంచుకోండి, రోగి అరుస్తున్న రాత్రి వెతకడం కుదరదు. ఏ ఏఎన్‌ఎం ఎప్పుడు ఇంటికి వెళ్లి చూడాలో, ఆయాసం పెరిగితే ఎవరికి ఫోను చేయాలో ఒక కాగితం మీద రాసి ఇంటివారికి ఇవ్వండి. ఆ కాగితం లేని ఇంటివారు చివరి గంటలో అంబులెన్సు ఎక్కించి, రోగి వద్దన్న చోటికే అతన్ని చేరుస్తారు.

పరిశోధన బృందాలు వచ్చినప్పుడు

మీ కేంద్రం ద్వారానే వారు పల్లెల్లోకి వెళ్తారు కనుక అడిగే అధికారం మీకుంది. ఏ నైతిక కమిటీ అనుమతి ఇచ్చిందో, సమ్మతి పత్రం తెలుగులోను, అవసరమైన చోట ఒడియాలోను ఉందో లేదో, నమూనాలు ఎక్కడికి వెళ్తాయో, ఎంతకాలం ఉంచుతారో ముందే అడగండి. రక్తం ఇస్తేనే పెన్షన్ వస్తుందని, మందులు వస్తాయని జనం అనుకుంటున్నారేమో గమనించి, ఆ అపోహను బృందం చేతనే అక్కడికక్కడ తొలగింపజేయాలి. మీరే చికిత్స చేసే వైద్యులైతే మీ రోగి దగ్గర పరిశోధన సమ్మతి మీరు తీసుకోకుండా వేరొకరికి అప్పగించడం మంచిది. మీకు కాదనలేక ఒప్పుకునేవారు చాలామంది ఉంటారు.

రక్తం ఇచ్చిన మనిషికి తన ఫలితం తిరిగి అందడం అతని హక్కు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017లో ప్రచురించిన జాతీయ నైతిక మార్గదర్శకాలు పరిశోధన వల్ల కలిగే మేలు అందులో పాల్గొన్న సమాజానికి కూడా అందాలని చెబుతున్నాయి. అసాధారణ ఫలితం వచ్చినవారి జాబితా ఎన్ని రోజుల్లో, ఎవరి ద్వారా, ఏ రహస్య పద్ధతిలో మీ కేంద్రానికి చేరుతుందో బృందంతో లిఖితపూర్వకంగా ఒప్పించుకున్నాకే మొదటి సూది గుచ్చనివ్వండి.